పత్రికల్లో నేరం – కోర్టుల్లో న్యాయం



ప్రజాస్వామ్య సౌధానికి పత్రికలు నాలుగో స్తంభం అని ఎనిమిదో తరగతి వ్యాసరచన పోటీ నుంచి మనమంతా రాస్తూనే ఉన్నాం. మూడో స్తంభం న్యాయవ్యవస్థ అనీ రాశాం. ఈ రెండు స్తంభాల మధ్య ఒక మామూలు మనిషి ఇరుక్కుంటే అతనికి ఏమవుతుందన్నది మాత్రం ఏ పోటీలోనూ అడగలేదు. అడగని ఆ ప్రశ్నకే ఈ వ్యాసం.

మేము చదివిన ఎం.ఏ. సోషియాలజీలో నేరశాస్త్రం ఒక పేపరు. పేరు వినగానే ఇది పోలీసు ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల చదువని చాలామంది అంటారు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కడం మాతోనే మొదలు గనుక మా అమ్మ కూడా "ఎస్సై అవుతావా నాయనా?" అని అడిగింది. నేరం ఎందుకు జరుగుతుందన్నది ఆ శాస్త్రంలో సగమే. ఏ పనిని నేరమంటున్నాం, ఎవరిని నేరస్తుడంటున్నాం, ఆ మాట ముందుగా ఎవరి నోటి నుంచి వస్తోంది అన్నది మిగతా సగం. ఈ రెండో సగం మన హాస్టల్ పిల్లలకు తెలిసి తీరాలి. ఎందుకో చదువుతూ పోతే తెలుస్తుంది.

క్లాక్టన్‌లో ఏం జరిగింది?

ఈ విషయం మీద పనిచేసిన పండితుల్లో స్టాన్లీ కోహెన్ పేరు ముందు చెప్పుకోవాలి. 1942లో దక్షిణాఫ్రికాలోని జోహానెస్‌బర్గ్‌లో పుట్టారు. లండన్‌లో పరిశోధన చేసి, ఎసెక్స్‌లోనూ జెరూసలేంలోనూ లండన్‌లోనూ పాఠాలు చెప్పి 2013లో కన్నుమూశారు. తెల్లవారికి ఒక చట్టం, నల్లవారికి ఒక చట్టం నడిచిన దేశంలో పెరిగిన మనిషి. పోలీసు ఎవరిని ముందుగా అనుమానిస్తాడన్నది ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు.

1964 ఈస్టర్ సెలవుల్లో ఇంగ్లండు తూర్పు తీరాన క్లాక్టన్ అనే చిన్న ఊరికి లండన్ కుర్రాళ్లు గుంపులుగా వచ్చారు. స్కూటర్ల మీద తిరిగేవాళ్లు ఒక జట్టు, మోటారు సైకిళ్ల వాళ్లు ఇంకో జట్టు. చలి, వాన, చేయడానికి ఏ పనీ లేదు. మాటా మాటా పెరిగింది. రాళ్లు విసురుకున్నారు, కొన్ని అద్దాలు పగిలాయి. మరునాడు దేశంలోని పెద్ద పత్రికలన్నీ దాన్ని మొదటి పేజీలో వేశాయి. ఊరు ఊరంతా తగలబడిపోయినట్టు రాశాయి.

కోహెన్ ఆ రాతల్ని, జరిగినదాన్ని పక్కపక్కన పెట్టి చూశారు. జరిగిన నష్టం అప్పటి లెక్కలో సుమారు 500 పౌండ్లు. ఆయన పట్టుకున్న చిన్న విషయం ఒకటి మాకు బాగా గుర్తుండిపోయింది. అక్కడ ఒక పడవ తలకిందులైతే పత్రికల్లో "పడవలు తలకిందులు చేశారు" అని వచ్చేది. ఏకవచనం బహువచనమైంది, అంతే. అబద్ధం రాశారని ఎవరూ అనలేరు. కానీ ఒక పడవకూ పడవలకూ ఎంత తేడా!

కథ అక్కడితో ఆగలేదు. తర్వాతి సెలవులకు ఎక్కడ గొడవ జరగబోతోందో పత్రికలు ముందే రాశాయి. అది చదివి కుర్రాళ్లూ వచ్చారు, చూడ్డానికి జనమూ వచ్చారు, పోలీసులూ రెట్టింపయ్యారు. పోలీసులు పెరిగితే అరెస్టులు పెరుగుతాయి. అరెస్టులు పెరిగాయి కనుక నేరం పెరిగిందని మళ్లీ వార్త. మేజిస్ట్రేట్లు కూడా ఆ వేడిలోనే ఉన్నారు. బెయిలు ఇవ్వకుండా రిమాండుకు పంపడమే ఒక శిక్షలా వాడారు. పత్రిక, పోలీసు, కోర్టు, జనం ఒకరినొకరు ఎగదోసుకునే ఈ స్థితికి ఆయన 'మోరల్ పానిక్' అని పేరు పెట్టారు. నీతి పేరిట పుట్టే కంగారు అనుకోవచ్చు. ఆ కంగారులో జనం వేలెత్తి చూపించే గుంపును 'ఫోక్ డెవిల్స్' అన్నారు. మన భాషలో అంతకంటే మంచి మాట ఉంది: బూచాళ్లు. 1972లో ఈ రెండు మాటలనే పేరుగా పెట్టి ఆయన పుస్తకం తెచ్చారు.

ఒక సంగతి గమనించాలి. నేరం జరగలేదని కోహెన్ ఎక్కడా అనలేదు. అద్దాలు పగిలిన మాట నిజమే. పగిలిన అద్దానికీ, దాని పేరు చెప్పి కట్టిన బూచికీ మధ్య దూరం ఎంతో కొలవమన్నారు.

మన జిల్లా పేజీ

ఇంగ్లండు సంగతి మనకెందుకు అనుకోకండి. 1974లో విశాఖపట్నంలో పుట్టిన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది. తర్వాత అన్ని పత్రికలూ అదే దారి పట్టాయి. అది మన ఊళ్లకు మేలే చేసింది. అంతకు ముందు కొల్లేటి లంకల్లో పడవ మునిగినా, ఎత్తిపోతల మోటారు కాలిపోయినా రాసేవాళ్లు లేరు. కానీ జిల్లా పేజీలు రోజూ నిండాలి. నింపడానికి అన్నింటికంటే చవకైన సరుకు నేరవార్త. ఏలూరు వన్‌టౌన్‌లో మెడలో గొలుసు తెంపినా, తాడేపల్లిగూడెం స్టేషన్లో జేబు కొట్టినా, కైకలూరు దగ్గర చేపల చెరువు గట్టు మీద కొట్లాట జరిగినా స్టేషనుకు ఒక్క ఫోను చేస్తే చాలు, వార్త తయారు. మండలాల్లో రాసే కంట్రిబ్యూటర్లలో చాలామందికి నెల జీతం లేదు. అచ్చయిన వార్త కొలతను బట్టి డబ్బు. అలాంటి మనిషి నిందితుడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, వాళ్లమ్మతో మాట్లాడి, లాయరుతో మాట్లాడి రాయాలంటే పెట్రోలు ఖర్చు కూడా రాదు. తప్పు ఆ విలేకరిది ఒక్కడిదే అనడం మాకు న్యాయంగా తోచదు.

ఇప్పుడు మన రీడింగ్ రూములో పేపరు తీసి ఏ దొంగతనం వార్తనైనా చదవండి. "జల్సాలకు అలవాటు పడి దొంగతనాలకు పాల్పడుతున్న యువకుడిని పోలీసులు అరెస్టు చేశారు" అని ఉంటుంది. ఈ వాక్యం మన భాషలో అచ్చు పోసినట్టు తయారైపోయింది. జల్సా అంటే ఏమిటి? కొత్త చొక్కానా? రెండు సినిమాలా? ఎవరు చూశారు? ఆ మాట పోలీసులు ఇచ్చిన కాగితంలో ఉంది, పేపర్లోకి వచ్చింది. డబ్బున్న ఇంటి అబ్బాయి బ్యాంకును ముంచితే "జల్సాలకు అలవాటు పడి" అని రాయగా మేము చూడలేదు. అక్కడ "ఆర్థిక అవకతవకలు" అని వస్తుంది.

ఆ తర్వాత వరుసగా "విచారణలో నేరం అంగీకరించాడు", "పాత నేరస్తుడు", ముసుగు వేసి వరుసగా నిలబెట్టిన ఫోటో, వెనక నిలబడ్డ అధికారులు, ముందు బల్ల మీద స్వాధీనం చేసుకున్న సొత్తు. టీవీలు వచ్చాక ఇది ఇంకా ముదిరింది. అరెస్టయినవాడు 'నిందితుడు' మాత్రమే. కోర్టు తేల్చాకే 'దోషి'. ఈ రెండు మాటల మధ్య కొన్నేళ్ల విచారణ ఉంటుంది. 'మృగాడు', 'కీచకుడు', 'కామాంధుడు' అని శీర్షిక పెట్టినవాళ్లు ఆ ఏళ్లన్నిటినీ ఒక్క రాత్రిలో దాటేస్తారు.

స్టువర్ట్ హాల్ అని ఇంకొక పెద్దాయన ఉన్నారు. జమైకాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడ్డారు. ఆయన తన విద్యార్థులతో కలిసి 1978లో వెలువరించిన పరిశోధనలో, దారిదోపిడీల మీద అక్కడి పత్రికల హడావుడి చివరికి నల్లజాతి కుర్రాళ్లందరి మీదికీ ఎలా మళ్లిందో చూపించారు. ఆయన మాట క్లుప్తంగా ఇది: నేరవార్తలో మొదట ఎవరు మాట్లాడతారో వాళ్లే ఆ కథకు హద్దులు గీస్తారు, తర్వాత మాట్లాడేవాళ్లంతా ఆ హద్దుల్లోనే మాట్లాడాలి. పోలీసు మొదట మాట్లాడతాడు. నిందితుడి తరఫు లాయరు మాట్లాడేసరికి ఆ వార్త ఎవరికీ గుర్తుండదు.

మా అనుభవం ఒకటి చెప్పాలి. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా మేమున్న హాస్టల్ చుట్టుపక్కల సైకిళ్లు పోయాయి. ఒక పత్రిక స్థానిక పేజీలో "హాస్టల్ విద్యార్థులపై అనుమానాలు?" అని వచ్చింది. ప్రశ్నార్థకం ఒకటి పెడితే ఏదైనా రాయొచ్చు. పదో తరగతి అన్నలు ఇద్దరిని స్టేషనుకు పిలిచి సాయంత్రానికి పంపించారు. మాకు పెన్నులు, పుస్తకాలు అరువిచ్చే కొట్టాయన మర్నాటి నుంచి ఖాతా పుస్తకం తీయడం మానేశాడు. నెల తర్వాత అసలు దొంగలు దొరికారు, వాళ్లకీ హాస్టల్‌కీ సంబంధం లేదు. ఆ వార్త ఐదు లైన్లు. అందులో మా ఊసు లేదు. కొట్టాయన ఆ ఐదు లైన్లు చదివినట్టు లేదు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ సామెత పొయ్యి విషయంలో నిజం.

ఊరి పేరే నేరమైతే

బాపట్ల దగ్గరి స్టువర్టుపురం పేరు చెప్పగానే ఎవరికైనా ఏం గుర్తొస్తుంది? ఆ ఊరు ఎలా పుట్టిందో తెలిసినవాళ్లు తక్కువ. 1871లో ఇంగ్లీషువాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేశారు. ఏ నేరమూ చేయకపోయినా, ఫలానా కులంలో పుడితే చాలు, పేరు స్టేషన్లో రాయించుకోవాలి, హాజరు వేయించుకోవాలి. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి 1910ల్లో సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో పెట్టిన సెటిల్‌మెంటే ఆ ఊరు. చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. రద్దయి దాదాపు నలభై ఏళ్లు గడిచాక, 1991లో, ఆ ఊరి పేరుతోనే రెండు తెలుగు సినిమాలు వచ్చాయి. ఒకదాని పేరులో 'దొంగలు' ఉంది, ఇంకోదానిలో 'పోలీస్ స్టేషన్' ఉంది. ఆ ఊళ్లో టీచర్లున్నారు, ఉద్యోగులున్నారు. వాళ్ల మీద సినిమా ఎవరు తీస్తారు? బూచికి ఒక ఊరి పేరు దొరికాక చట్టం పోయినా బూచి పోదు. ఎరుకల, యానాది ఇళ్ల నుంచి వచ్చిన తమ్ముళ్లు మన హాస్టళ్లలో ఉన్నారు. ఎగతాళికైనా ఆ మాట నోట రానీయకండని ఇక్కడే చెబుతున్నాం.

ఇబ్రహీంపట్నం కేసు

ఇక మనలాంటి హాస్టల్లోనే జరిగిన కేసుకు వస్తాం. 2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్లో ఫార్మసీ చదువుకుంటున్న విద్యార్థినిపై అత్యాచారం చేసి చంపేశారు. ఆ అమ్మాయి పేరు పత్రికల్లో వేలసార్లు వచ్చింది, మీలో చాలామందికి తెలుసు. ఇక్కడ రాయడం లేదు. అత్యాచార బాధితుల పేరు బయటపెట్టకూడదని శిక్షాస్మృతి 228-ఎ సెక్షన్ చెప్పింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. చనిపోయినవారికీ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. నిందితుడిగా నిలబడ్డ కుర్రాడి పేరూ రాయడం లేదు. అది చట్టం కోసం కాదు. ఈ వ్యాసం అతని పేరు చుట్టూ ఇంకోసారి తిరగకూడదని.

ఘటన జరిగిన రోజు నుంచీ టీవీ ఛానళ్లు, పత్రికలు దాన్ని వదల్లేదు. రాష్ట్రమంతా ఆడపిల్లల తల్లిదండ్రులు భయపడ్డారు. పోలీసుల మీద ఒత్తిడి పెరిగింది. మొదట కొందరి పేర్లు వచ్చాయి, పోయాయి. పలుకుబడి గలవారి పేర్లు కూడా రుజువు లేకుండానే నలిగాయి. వాళ్లు పెద్దవాళ్లు కదా అని అది సబబు కాదు, సూత్రం ఎవరికైనా ఒక్కటే. చివరికి 2008 ఆగస్టులో ఒక పేద దళిత కుటుంబపు కుర్రాడిని పోలీసులు అరెస్టు చేశారు. నేరం ఒప్పుకున్నాడని చెప్పారు.

ఇక్కడ చట్టం తెలియాలి. పోలీసు అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యం కాదు. ఇది మొన్న వచ్చిన నియమం కాదు, 1872 నాటి సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్. నిందితుడు చెప్పిన చోట ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకు మాత్రం మాట చెల్లుతుంది. లాఠీ పట్టుకున్నవాడి ముందు మనిషి ఏదైనా ఒప్పుకుంటాడని ఇంగ్లీషువాడికే తెలుసు. మరి కోర్టు చెవిన పెట్టని ఆ మాటను ప్రెస్ మీట్ పెట్టి రాష్ట్రమంతటికీ వినిపిస్తే? కోర్టులో చెల్లని కాగితం జనంలో చెల్లిపోతుంది.

2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు అతన్ని దోషిగా తేల్చి జైలు శిక్ష విధించింది. 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు ఆ శిక్షను కొట్టివేసి, నిర్దోషిగా విడుదల చేయమంది. ఖర్చుల కింద అతనికి లక్ష రూపాయలు ఇవ్వమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. అప్పటికి ఎనిమిదేళ్ల పైచిలుకు జైల్లోనే గడిచింది. తమ్ముళ్లూ, ఎనిమిదేళ్లంటే మూడో తరగతిలో హాస్టల్లో చేరిన పిల్లవాడు పదో తరగతి పరీక్ష రాసి వెళ్లేంత కాలం. లక్ష రూపాయలను ఆ రోజులతో భాగించి చూడండి, రోజుకు ముప్పై చిల్లర వస్తుంది.

పత్రికలనే మొత్తం తప్పు పట్టలేం. ఆ అరెస్టు మీద అనుమానం వ్యక్తం చేసినవీ పత్రికలే. ఇతను కాదు, అసలువాళ్లను పట్టుకోండని ఆ అమ్మాయి తల్లిదండ్రులు ఏళ్ల తరబడి మొత్తుకుంటే ఆ గొంతు మనదాకా వచ్చింది విలేకరుల వల్లే. హక్కుల సంఘాలు కూడా వెంటపడ్డాయి. మేము చెప్పేదల్లా ఒకటే. 'దొరికాడు' అన్న వార్త, 'అతను కాదేమో' అన్న వార్త ఒకే కొలతలో రావు. 2018లో హైకోర్టు ఈ కేసును మళ్లీ మొదటి నుంచి దర్యాప్తు చేయమని సీబీఐకి ఇచ్చింది. కోర్టులో భద్రపరచాల్సిన వస్తు సాక్ష్యాలు ధ్వంసమైపోయాయని అప్పుడు బయటపడింది. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి మళ్లీ పోస్టుమార్టం చేశారు. పన్నెండేళ్ల తర్వాత ఆ తల్లిదండ్రులు అక్కడ నిలబడాల్సి వచ్చింది. 2008లో నిదానంగా పనిచేసి ఉంటే వాళ్లకు ఆ రోజు వచ్చేది కాదు. కంగారు ముందుగా నష్టపరిచేది నిందితుడినే అనుకుంటాం. బాధితులకూ అంతే నష్టం.

చటాన్‌పల్లి

సరిగ్గా అదే డిసెంబరులో, 2019లో, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన సమీపంలో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపారు. 'దిశ' అని పోలీసులే పేరు మార్చిన వెటర్నరీ డాక్టరు కేసు అది. ఆమెకు జరిగిన ఘోరం తలుచుకుంటే ఎవరికైనా రక్తం మరుగుతుంది. కాల్పులు జరిగిన పొద్దున జనం పోలీసుల మీద పూలు చల్లారు, ఊళ్లలో మిఠాయిలు పంచారు. టీవీల్లో పొద్దంతా అదే. విచారణ జరగలేదు, కనుక ఎవరు ఏం చేశారో కోర్టు చెప్పే అవకాశం ఇక లేదు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులను విచారించాలని అందులో ఉంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని కూడా ఉంది. మైనర్ల ఫోటో, పేరు వేయకూడదని బాలల న్యాయ చట్టం చెబుతోంది. ఆ నలుగురి ఫోటోలూ అప్పటికే దేశమంతా తిరిగేశాయి.

రాని వార్త

వచ్చిన వార్తల గురించే ఇంతసేపూ చెప్పాం. రాని వార్త సంగతో? మన పాత పశ్చిమ గోదావరి జిల్లాలోనే పాలకోడేరు మండలం గరగపర్రు ఉంది. 2017 ఏప్రిల్‌లో అంబేడ్కర్ విగ్రహం మీద వివాదం వచ్చి, దళితులకు కూలి పనులు, కౌలు భూములు ఇవ్వకుండా ఊరు ఊరే వెలివేసింది. సాంఘిక బహిష్కరణ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమని 2016 జనవరి నుంచి అమల్లో ఉంది. అంటే వందల మందిపై రోజూ నేరం జరుగుతోంది. జూన్ నెలాఖరుకు, ఫోన్లలో వీడియోలు తిరిగి, సంఘాలు వెళ్లాక గానీ రాష్ట్రానికంతటికీ తెలియలేదు. అదే రెండు నెలల్లో గొలుసు దొంగతనాలు జిల్లా పేజీల్లో ఎన్ని వచ్చి ఉంటాయో!

నార్వే దేశపు నేరశాస్త్రవేత్త నీల్స్ క్రిస్టీ 1986లో రాసిన ఒక వ్యాసం దీనికి బాగా అతుకుతుంది. ఎవరికి అన్యాయం జరిగితే లోకం వెంటనే 'అయ్యో' అంటుందో ఆయన విడదీసి చూపించారు. బాధితురాలు బలహీనురాలై ఉండాలి, తప్పుపట్టలేని పనిలో, తప్పుపట్టలేని చోట ఉండాలి, నేరం చేసినవాడు ముక్కూమొహం తెలియని దుర్మార్గుడై ఉండాలి. ఊరి రైతుకూ ఊరి కూలీకీ మధ్య జరిగేది ఈ చట్రంలో ఇమడదు. ఇద్దరూ ఒకరికొకరు తెలుసు. బాధితుడు ఒకడు కాదు, ఒక పేట. పైగా గట్టిగా నిలబడి మాట్లాడుతున్నాడు! అందుకే దాన్ని 'వివాదం' అంటారు, 'ఇరువర్గాల ఘర్షణ' అంటారు. నేరం అనరు.

చట్టం ఏం చేస్తోంది?

విచారణలో ఉన్న కేసును ప్రభావితం చేసేలా రాస్తే కోర్టు ధిక్కారం కింద చర్య తీసుకోవచ్చు. 1971 నాటి చట్టం అది. కానీ దాని ప్రకారం క్రిమినల్ కేసు 'విచారణలో ఉన్నట్టు' లెక్కలోకి వచ్చేది ఛార్జిషీటు వేశాకే. అరెస్టుకీ ఛార్జిషీటుకీ మధ్య ఖాళీ ఉంది, రాతలన్నీ వచ్చేది ఆ ఖాళీలోనే. మన తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాధరావు అధ్యక్షతన లా కమిషన్ 2006లో తన 200వ నివేదికను ఈ ఒక్క విషయం మీదే ఇచ్చింది. అరెస్టు నుంచే లెక్కపెట్టాలని సిఫారసు చేసింది. చట్టం మారలేదు. పోలీసుల మీడియా సమావేశాలకు నియమాలు తయారుచేయమని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో కేంద్ర హోంశాఖకు చెప్పింది. పత్రికల నోరు కట్టేసే చట్టం రావాలని మాత్రం మేము కోరం. అలాంటి చట్టం వస్తే ముందు ఆగిపోయేది గరగపర్రు వార్త.

జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్క ప్రకారం మన దేశపు జైళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు. అంటే ఇంకా ఏ కోర్టూ దోషి అనని వాళ్లు. వారిలో ఎస్సీ, ఎస్టీ, బీసీలు కలిపితే దాదాపు మూడింట రెండు వంతులు. ఈ అంకెలు పక్కన పెట్టుకుని "పాత నేరస్తుడు" అన్న మాట మళ్లీ చదవండి.

చివరగా కొన్ని పనికొచ్చే విషయాలు. మనలో ఎవరినైనా, మన ఊళ్లో ఎవరినైనా అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం. లాయరుకు డబ్బు లేదని కూర్చోకూడదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. కస్టడీలో ఉన్నవారికీ, మహిళలకూ, పిల్లలకూ కూడా అంతే. ఏలూరు కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఫోనులో అడగాలంటే 15100. ఈ నంబరు హాస్టల్ నోటీసు బోర్డు మీద ఈ మధ్యే రాయించాం, చెరిపేయకండి.

మన హాస్టల్ నుంచి ఇద్దరు తమ్ముళ్లు ఈసారి లాసెట్ రాస్తున్నారు. అన్నల్లో ఎవరి దగ్గరైనా పాత లా పుస్తకాలుంటే ఆఫీసు గదిలో ఇచ్చి వెళ్లండి. 2024 జూలైకి ముందు అచ్చయినవైనా పరవాలేదు. పాత కేసులు ఇంకా ఆ సెక్షన్ల కిందే నడుస్తున్నాయి.